సెప్టెంబర్ 9 ఎవరిది?

మన తెలుగు పేపర్లలో లోపలి పేజీలో ఓ మూల 'చరిత్రలో ఈ రోజు' అని చిన్న డబ్బా ఒకటి ఉండేది, గుర్తుందా? ఫలానా సంవత్సరంలో ఫలానా కవి పుట్టాడు, ఫలానా యుద్ధం ముగిసింది, ఫలానా నటికి ఇవాళ పుట్టినరోజు. మొత్తం అయిదారు వాక్యాలు. ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. బస్టాండు బెంచీ మీద పక్కపక్కన కూర్చుని వేర్వేరు ఊళ్ళకి పోయేవాళ్ళలా ఉంటాయవి. ఇప్పుడా డబ్బా ఫోన్‌లోకి వచ్చింది, పొద్దున్నే తనంతట తనే మోగుతోంది.

ఒకే తేదీన ఇన్ని జరిగాయా అని ఆశ్చర్యపడక్కర్లేదు. ఏడాదికున్నవి 365 రోజులు. భూమ్మీద 800 కోట్ల పైచిలుకు జనం. అంటే మీ పుట్టినరోజుని ప్రపంచంలో మరో రెండు కోట్ల మంది పంచుకుంటున్నారన్నమాట. అంతెందుకు, ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్ళలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కన్నా ఎక్కువ. కాబట్టి తేదీలు కలవడంలో దేవరహస్యం ఏమీ లేదు, లెక్కల మేస్టారు చాలు.

అయినా నాకు ఆ డబ్బా అంటే ఇష్టం. కాకపోతే దాన్ని చదవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కో వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ తేదీ ఎవరు వేశారు? ఏ లెక్కలో వేశారు? ఆ రోజున ఆ సంగతి ఎవరికి తెలిసింది? ఉదాహరణకి సెప్టెంబర్ 9 తీసుకుందాం. ఎందుకీ తేదీ అంటే, నా వృత్తికీ, నేనుంటున్న దేశానికీ, నా భాషకీ ముగ్గురికీ ఆ రోజు మీద హక్కుంది.

ముందు వృత్తి సంగతి

1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే కంప్యూటర్ మొరాయించింది. ఇప్పటి కంప్యూటర్లలా కాదు, అందులో అన్నీ టకటకలాడే రిలేలు. విప్పి చూస్తే ఒక రిలేలో చిమ్మటపురుగు ఇరుక్కుని చచ్చి ఉంది. ఆపరేటర్లు దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపు వేసి అంటించి, నిజంగా పురుగు దొరకడం ఇదే మొదటిసారి అని పక్కన సరదాగా రాశారు. ఆ పుస్తకం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, పురుగుతో సహా.

'బగ్' అన్న మాట ఆ రోజే పుట్టిందని చాలామంది చెప్తుంటారు. ఆ మాట అప్పటికే పాతది. యంత్రాల్లో లోపాలకి ఎడిసన్ 1878లోనే ఆ మాట వాడాడు. అసలు ఆ మాట ముందే వాడుకలో లేకపోతే లాగ్‌బుక్‌లోని జోకు జోకే కాదు కదా! గ్రేస్ హాపర్ పురుగుని పట్టుకుందని కూడా అంటారు. ఆవిడ ఆ కథని జీవితాంతం ఊరూరా చెప్పి ప్రచారంలోకి తెచ్చింది, పట్టుకున్నది మాత్రం ఇతరులు. చాలాచోట్ల సంవత్సరం 1945 అని కనిపిస్తుంది, కానీ మార్క్ 2 యంత్రం పూర్తయిందే 1947లో. నాలుగు వాక్యాల కథలో ఇన్ని పురుగులున్నాయి.

సరిగ్గా అదే తేదీన, దానికి ఆరేళ్ళ ముందు, అంటే 1941 సెప్టెంబర్ 9న, డెన్నిస్ రిచీ పుట్టాడు. మనలో సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్ళందరం ఈయన ఉప్పు తిన్నవాళ్ళమే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ కట్టాడు, సీ భాషని తయారు చేశాడు. మీ జేబులో ఉన్న ఫోన్ ఏ కంపెనీదైనా సరే, లోపల ఆ రెండిటి సంతానమో, మనవలో ఉంటారు.

యూనిక్స్‌కి కాలాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి సున్నా. అక్కణ్ణుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోవడమే. నెలల్లేవు, వారాల్లేవు, అమావాస్య లేదు, ఆదివారం లేదు. ఆ లెక్క వంద కోట్ల సెకన్లకి చేరింది ఎప్పుడో తెలుసా? 2001 సెప్టెంబర్ 9న, గ్రీనిచ్ టైములో 1 గంటా 46 నిమిషాల 40 సెకన్లకి. అంటే రిచీకి అరవై ఏళ్ళు నిండిన రోజున! మన లెక్కలో షష్టిపూర్తి. ఎవరూ ముహూర్తం పెట్టలేదు, ఆ గడియారమే పెట్టింది. కోపెన్‌హాగన్‌లో యూనిక్స్ అభిమానులు తెల్లవారుజామున కూర్చుని దీనికి పార్టీ చేసుకున్నారు.

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాం. ఆ క్షణం ఎవరి లెక్కలో సెప్టెంబర్ 9? హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్న 7 గంటల 16 నిమిషాలు, ఇంట్లో కాఫీల వేళ. రిచీ ఉండే న్యూజెర్సీలో మాత్రం అది ఇంకా సెప్టెంబర్ 8, శనివారం రాత్రి తొమ్మిదీ ముప్పావు. ఆయన పుట్టినరోజు ప్రపంచానికి వచ్చింది గానీ ఆయన ఇంటికి ఇంకా రాలేదు. క్షణం ఒకటే, తేదీలు రెండు. దూరదేశాల్లో ఉన్న మనకి ఇది కొత్త కాదు. ఇంటికి ఫోన్ చేసి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్తే 'నిన్ననే అయిపోయిందిరా' అనిపించుకున్నవాళ్ళు ఎంతమంది లేరు!

అదే రోజున అఫ్ఘానిస్తాన్‌లో అహ్మద్ షా మసూద్‌ని విలేఖరుల వేషంలో వచ్చిన ఇద్దరు అల్‌ఖైదా మనుషులు బాంబు పేల్చి చంపేశారు. తాలిబన్లకి ఎదురు నిలిచిన ఉత్తరాది దళాలకి నాయకుడాయన. ఆ వార్తని చాలామంది పేజీ తిప్పేసి ఉంటారు. దాని అర్థం రెండు రోజుల తర్వాత మంగళవారం నాడు న్యూయార్క్‌లో తెలిసింది. సంఘటన జరిగిన రోజు వేరు, అది ఎంత పెద్దదో తెలిసే రోజు వేరు.

దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ కూడా ఇదే తేదీకి ఉంది. 1999 సెప్టెంబర్ 9. పాత ప్రోగ్రాముల్లో 9999 అంటే 'ఫైలు ఇక్కడితో అయిపోయింది' అని గుర్తు పెట్టుకునేవాళ్ళు. మరి 9/9/99 రాగానే ఆ ప్రోగ్రాములన్నీ దుకాణం కట్టేస్తాయేమోనని అప్పట్లో భయం. వైటూకే పుణ్యమా అని అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానాలెక్కినవాళ్ళు ఆ ఏడాది పాత కోడుని వరసగా జల్లెడ పట్టారు. నిజానికి చాలా ప్రోగ్రాముల్లో ఆ తేదీ 090999 అని ఉంటుంది, కాబట్టి తొమ్మిదులు నాలుగూ పక్కపక్కన పడనే పడవు. ఆ రోజు వచ్చింది, పోయింది, చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఏమీ జరగని రోజు ఏ డబ్బాలోకీ ఎక్కదు, దాని వెనక ఎంత చాకిరీ ఉన్నా సరే.

లేని సెప్టెంబర్ 9

యూనిక్స్‌లో క్యాల్ అని ఒక చిన్న కమాండ్ ఉంది. నెలా సంవత్సరం ఇస్తే క్యాలెండర్ చూపిస్తుంది. పాత యూనిక్స్‌లో దానికి 1752 సెప్టెంబర్ ఇచ్చి చూడండి. 1, 2, ఆ తర్వాత 14. మధ్యలో పదకొండు రోజులు గల్లంతు. ఆ సంవత్సరం సెప్టెంబర్ 9 లేనే లేదు!

ఇది ప్రోగ్రాములో పురుగు కాదు. బ్రిటన్ వాళ్ళు జూలియన్ క్యాలెండర్ నుంచి గ్రెగోరియన్‌కి మారింది అప్పుడే. అమెరికాలో వాళ్ళ వలసలు కూడా వాళ్ళతోపాటే మారాయి. బుధవారం సెప్టెంబర్ 2 రాత్రి పడుకున్నవాళ్ళు గురువారం సెప్టెంబర్ 14న లేచారు. అదే సమయంలో మన ఊళ్ళలో ఆంగీరస నామ సంవత్సరం నడుస్తోంది. పంచాంగంలో ఒక్క తిథి కూడా ఎవరూ అలా కత్తిరించలేదు, ఎవరికీ ఆ అవసరం రాలేదు.

ఇందువల్ల మన డబ్బాకి ఒక చిక్కు వస్తుంది. టాల్‌స్టాయ్ పుట్టినరోజు సెప్టెంబర్ 9 అని ఉంటుంది. 1828లో ఆయన పుట్టినప్పుడు రష్యాలో పాత క్యాలెండరే, అక్కడి లెక్కలో అది ఆగస్టు 28. తర్వాతివాళ్ళు పన్నెండు రోజులు కలిపి సెప్టెంబర్ 9 చేశారు. సరే, బాగుంది. అదే జాబితాలో ఇంకో వాక్యం ఉంటుంది: 1739 సెప్టెంబర్ 9, స్టోనో తిరుగుబాటు. అది కూడా పాత క్యాలెండరు తేదీయే. టాల్‌స్టాయ్‌కి చేసినట్టే దీనికీ మార్పు చేస్తే సెప్టెంబర్ 20 అవ్వాలి. కానీ ఆ పని ఎవరూ చేయలేదు. కొత్త లెక్కలో ఒకరు, పాత లెక్కలో ఒకరు, ఇద్దరూ ఒకే తేదీ కింద. వేర్వేరు టైమ్ జోన్ల డేటాని సరిచూడకుండా ఒకే కాలమ్‌లో పోసినట్టుంది వ్యవహారం.

స్టోనో నుంచి మన దాకా

స్టోనో గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ తేదీకున్న కథల్లో నన్ను పట్టుకుని వదలనిది ఇదే. దక్షిణ కరొలినాలో చార్ల్స్‌టన్‌కి దగ్గర్లో స్టోనో నది. ఆ ఆదివారం పొద్దున్న ఓ ఇరవై మంది ఆఫ్రికన్ బానిసలు ఒకచోట చేరారు. దుకాణం మీద పడి తుపాకులు తీసుకుని, దక్షిణంగా స్పానిష్ వాళ్ళ చేతుల్లో ఉన్న ఫ్లోరిడా వైపు నడిచారు. అక్కడికి చేరితే స్వేచ్ఛ ఇస్తామని స్పెయిన్ మాటిచ్చింది. దారిలో మరికొంతమంది కలిశారు. ఇరవై మందికి పైగా తెల్లవాళ్ళు చచ్చిపోయారు. సాయంత్రానికి వలస సైనికులు వచ్చి అణిచేశారు. బానిసల్లో అంతకంటే ఎక్కువమందే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వాళ్ళ నాయకుడి పేరు జెమీ అని ఒకచోట, కేటో అని ఇంకోచోట ఉంటుంది. మిగతావాళ్ళలో చాలామందికి పేర్లే మిగల్లేదు. మరుసటి ఏడాది, 1740లో, ఆ వలస ప్రభుత్వం కఠినమైన చట్టం చేసింది. బానిసలు గుంపుగా చేరకూడదు, సొంతంగా పంట పండించుకోకూడదు, వాళ్ళకి రాయడం నేర్పితే జరిమానా. చివరిది చూడండి. రాయడం రానివాళ్ళు తేదీ వేయలేరు. స్టోనో గురించి మనకి తెలిసినదాంట్లో చాలామటుకు అణిచినవాళ్ళ వైపు నుంచి వచ్చిన రాతల్లోంచే. 'తేదీ ఎవరు వేశారు' అన్న ప్రశ్న ఊసుపోక అడిగేది కాదని నాకు అనిపించింది ఇక్కడే.

1776 సెప్టెంబర్ 9న ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. ఇకనుంచి అధికార పత్రాల్లో 'ఐక్య వలసలు' అని కాకుండా 'ఐక్య రాష్ట్రాలు' అని రాయాలని. జూలై 4కి బాణాసంచా కాలుస్తారు గానీ, ఈ దేశానికి నామకరణం జరిగిన రోజు ఇది. ఆ పేరు పెట్టినప్పుడు స్టోనో నది ఒడ్డున పొలాల్లో బానిసలు అలాగే ఉన్నారు.

1850 సెప్టెంబర్ 9న కాలిఫోర్నియా 31వ రాష్ట్రం అయింది. ప్రెసిడెంట్ ఫిల్మోర్ సంతకం పెట్టాడు. తమాషా ఏమిటంటే ఆ సంగతి కాలిఫోర్నియా వాళ్ళకి తెలీదు. అప్పటికింకా టెలిగ్రాఫ్ అంతదూరం రాలేదు. అక్టోబర్ 18న 'ఒరెగాన్' అనే ఆవిరి ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో రేవులోకి వచ్చాక గానీ కబురు అందలేదు. 39 రోజులు తాము రాష్ట్రమైపోయామని తెలియకుండానే గడిపారు. ఇవాళ ఆ చుట్టుపక్కలే కూర్చుని మనవాళ్ళు సెకనులో వెయ్యో వంతు ఆలస్యమైనా ఒప్పుకోని సర్వర్లు నడుపుతున్నారు.

కాలిఫోర్నియాలో బానిసత్వం ఉండకూడదన్నది ఆ ఒప్పందంలో ఒక భాగం. దానికి బదులుగా దక్షిణాది వాళ్ళు అడిగినవాటిలో ఒకటి, పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించే చట్టం. అదే ఫిల్మోర్ దాని మీద తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 18న, సంతకం పెట్టాడు. మన డబ్బాలో మొదటి సంతకం ఒక రోజు కింద, రెండోది ఇంకో రోజు కింద వస్తాయి. ఒకే బేరంలోని రెండు సగాలని ఎవరూ కలిపి చదవరు.

1957 సెప్టెంబర్ 9న ఐసెన్‌హోవర్ పౌరహక్కుల చట్టం మీద సంతకం చేశాడు. 1875 తర్వాత అలాంటిది అదే మొదటిది. 82 ఏళ్ళు. నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం చేసిన చట్టం అది, అయితే పళ్ళు లేనిదని అప్పుడే విమర్శించారు. ఆ మాత్రం దానికే ఒక సెనెటర్ అడ్డుపడి 24 గంటల 18 నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాడు. స్ట్రామ్ థర్మండ్ ఆయన పేరు. ఏ రాష్ట్రం మనిషనుకున్నారు? దక్షిణ కరొలినా. స్టోనో నది పారే రాష్ట్రమే.

ఇందులో మనకేం పని అంటారా? ఉంది. 1917 చట్టంతో అమెరికా మన దేశం నుంచి వలసల్ని దాదాపుగా మూసేసింది. 1946లో తలుపు కాస్త తెరిచి, ఏడాదికి వంద మంది భారతీయులు రావచ్చంది. అక్షరాలా వంద. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు వేసే ఆ పద్ధతిని 1965 చట్టం రద్దు చేసింది. అది పౌరహక్కుల పోరాటం వేడిలోనే, 1964, 1965 చట్టాల వెనకే వచ్చింది. మనవాళ్ళు మార్కుల లిస్టులు పట్టుకుని కాన్సులేటు ముందు వరసలో నిలబడగలిగారంటే, ఆ వరసకి చోటు చేసినవాళ్ళు ఎవరో తెలిసి ఉండాలి. మనం సొంత తెలివితేటలతో వచ్చాం అనుకోవడంలో తప్పు లేదు. కానీ 1950లో కూడా తెలివైన తెలుగువాళ్ళున్నారు. వాళ్ళకి తలుపు లేదంతే.

ఇక మన కాళోజీ

1914 సెప్టెంబర్ 9న, ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్ళిలో కాళోజీ నారాయణరావు పుట్టాడు. తండ్రి వైపు మరాఠీ, తల్లి వైపు కన్నడం. పెరిగింది వరంగల్ దగ్గరి మడికొండలో. చదువులో ఉర్దూ. ఇన్ని భాషల మధ్య పెరిగిన మనిషి, తెలుగులో జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని జీవితమంతా వాదించాడు. తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నాడు. నిజాం కాలంలో జైలుకెళ్ళాడు, 1992లో పద్మవిభూషణ్ అందుకున్నాడు, 2002 నవంబర్‌లో పోయాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014 నుంచి ఆయన పుట్టినరోజుని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో భాషా దినోత్సవం ఆగస్టు 29. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు, 1863. రాష్ట్రాలు రెండైతే భాషా దినాలు కూడా రెండయ్యాయని కొందరికి బాధ. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది. ఇద్దరూ అన్నది దాదాపు ఒకటే: పండితుల గ్రాంథికం కోసం జనం నోరు నొక్కకండి అని. ఒకాయన పర్లాకిమిడి నుంచి అన్నాడు, ఒకాయన వరంగల్ నుంచి. రిచీ పుట్టినరోజే కాళోజీ పుట్టినరోజు కూడా కావడం ఉత్త కాకతాళీయం. గిడుగు మాటా కాళోజీ మాటా కలవడం కాకతాళీయం కాదు. తేదీలు కలిసినచోట సంబంధం లేకపోవచ్చు, తేదీలు వేరైనచోట ఉండొచ్చు.

కాళోజీ పుట్టిన తేదీ మనకి ఇంగ్లీషు లెక్కలో ఉంది. ఆయన పెరిగిన ఇంట్లో లెక్క అదొక్కటే అయి ఉండదు. పంచాంగం ప్రకారం అది ఆనంద నామ సంవత్సరం. నిజాం సర్కారు కాగితాల్లో ఫసలీ సంవత్సరం, పారసీ నెలల పేర్లు. ఒకే పసివాడికి మూడు క్యాలెండర్లు.

మన ఇళ్ళలోనూ అంతేగా. మా అమ్మమ్మకి పుట్టిన తేదీ లేదు, తిథి ఉంది, నక్షత్రం ఉంది. వయసు అడిగితే ఏ గాలివానకి ఎంత పిల్లో చెప్పేది. మా ముందు తరం వాళ్ళలో జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టినవాళ్ళు లెక్కకి మించి ఉన్నారు. బళ్ళో వేసినప్పుడు మేస్టారు చెయ్యెత్తి చెవి అందుకోమని చూసి, వయసు సరిపోయేట్టు ఒక తేదీ వేశాడు. ఇక్కడ గ్రీన్‌కార్డు కాగితాలు పెట్టేటప్పుడు ఆ తేదీల బండారం బయటపడుతుంది. జననం నమోదు కాలేదని మునిసిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో ఒక సర్టిఫికెట్, పుట్టినప్పుడు మాకు తెలుసని ఇద్దరు పెద్దవాళ్ళు సంతకం పెట్టిన అఫిడవిట్లు. పుట్టానని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో ఆ ఫైలు కట్టినవాళ్ళకి తెలుసు.

దీన్నీ స్టోనో బానిసల పరిస్థితినీ ఒకే గాటన కట్టను. మా అమ్మమ్మకి ఇంగ్లీషు తేదీ లేకపోయినా ఆవిడ పుట్టుకని గుర్తు పెట్టుకున్న ఊరుంది, లెక్క చెప్పే పంచాంగం ఉంది. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, తప్పించుకుని, అమెరికాలోకెల్లా గొప్ప వక్తల్లో ఒకడయ్యాడు. ఆయనకి తన పుట్టినరోజు ఏ లెక్కలోనూ తెలీదు. చిన్నప్పుడు అది తనని ఎంత బాధపెట్టిందో రాసుకున్నాడు. చివరికి ఫిబ్రవరి 14 అని తనే ఒకటి ఎంచుకున్నాడు. ఒకరిది లెక్క తేడా. ఇంకొకరిది లాక్కోబడిన లెక్క.

ఈ మధ్య ఒక మిత్రుడు వాళ్ళ నాన్నగారి తద్దినం ఏ రోజు పెట్టాలని తలపట్టుకున్నాడు. తిథి హైదరాబాద్ సూర్యోదయానికి చూడాలా, తనుండే ఊరి సూర్యోదయానికా? అమెరికా నగరాలకి విడిగా గణించిన పంచాంగాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అందులో తిథి ఒక్కోసారి ఇంట్లో అన్నయ్య పెట్టే రోజు కన్నా ముందు రోజున పడుతుంది. చివరికి ఇద్దరూ ఎవరి సూర్యుణ్ణి బట్టి వాళ్ళు పెట్టారు. నాన్న ఒక్కరే, రోజులు రెండు. అందులో లోటేమీ కనిపించలేదు నాకు.

కాబట్టి ఈసారి మీ ఫోన్‌లో 'చరిత్రలో ఈ రోజు' మోగినప్పుడు ఆ అయిదు వాక్యాలూ చదవండి, సరదాయే. ఆ మూడు ప్రశ్నలు కూడా అడగండి. అలాగే ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళు పుట్టిన రోజు ఏ లెక్కలో ఉందో, ఎవరు చెప్పగా తెలిసిందో, ఆ ఏడు ఊళ్ళో ఏం జరిగిందో అడిగి ఒకచోట రాసి, పక్కన మీరు రాసిన తేదీ కూడా వేసి పెట్టండి. సర్టిఫికెట్‌లో ఉన్న జూలై ఒకటి ఎలాగూ ఉంటుంది. మిగతాది మీరు రాస్తేనే ఉంటుంది.